అనుభవశాలియైన ఆటగాని వెల: ఒక హాకీ మార్పిడిని తూచు విధము

ఒడిశాలో పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు హాకీ క్రొత్త ఆట కాదు. 2018లో భువనేశ్వరమునందును, 2023లో భువనేశ్వరము, రూర్కెలా పట్టణములందును జరిగిన ప్రపంచ కప్ పోటీలను వారు ఎంతయో ఉత్సాహముతో అనుసరించిరి. కాని ఈ వ్యాసమున మేము ప్రస్తావింపబోవు హాకీ మైదానముపై ఆడునది కాదు, మంచుపై ఆడునది. అమెరికా, కెనడా దేశములలో హాకీ యనిన ఈ మంచు హాకీయే. దానిని గూర్చి మన సంచికలో వ్రాయుటకు ఒక కారణము కలదు.

మొన్నటి తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిదప ఒక తండ్రి మా గదికి వచ్చెను. ఆయన వ్యాపారస్థుడు. ఆయన అన్నగారి కుటుంబము టొరాంటో నగరమున స్థిరపడినది. సెలవులకు అక్కడినుండి వచ్చిన అన్నగారి కుమారునకును, మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఈయన పెద్దకుమారునకును పెద్ద వాదము జరిగినదట. టొరాంటో జట్టు 2023లో ముప్పదిరెండేండ్ల వయసు గల ఒక ఆటగానిని తెచ్చుకొని, అతనికి బదులుగా భావికాలపు ఆటగాండ్రను ఎంచుకొను హక్కులను వదలుకొనెను. అది తెలివితక్కువ బేరమని ఒకడు, మంచి బేరమని మరియొకడు. "మాస్టరుగారూ, నా దుకాణములో నేనైతే అట్టి బేరము చేయనండి. మీరేమందురు?" అని ఆయన అడిగెను. ఆయన వచ్చిన అసలు పని వేరు. మన పాఠశాలలో ఆరవ తరగతి చదువుచున్న రెండవ కుమారునకు టి.సి. కావలెనని అర్జీ తెచ్చియుండెను. ఆ సంగతి చివర చెప్పెదము. ముందుగా ఆయన ప్రశ్నకు సమాధానము చెప్పుట మా విధి.

ఆటయు, సెంటరు పనియు

మంచు హాకీలో ఒక్కొక్క పక్షమున ఒకే సమయమున ఆరుగురు మాత్రమే ఆడుదురు. ఒకడు గోలు కాపరి, ఇద్దరు రక్షకులు, ముగ్గురు ముందువరుసవారు. ముందువరుసలో ఎడమ ప్రక్క ఒకడు, కుడి ప్రక్క ఒకడు, నడుమ ఒకడు ఉందురు. ఆ నడిమివానినే సెంటరు అందురు. బంతికి బదులు పక్ అను గట్టి రబ్బరు బిళ్లను కఱ్ఱలతో కొట్టుదురు. ఒక్కొక్కటి ఇరువది నిమిషములు గల మూడు భాగములుగా ఆట సాగును. కాళ్లకు ఇనుప పట్టీలు గల బూట్లు కట్టుకొని అతివేగముగా మంచుపై జారుచు ఆడవలెను గనుక, ముందువరుసవారును రక్షకులును సాధారణముగా ఒక్కమారుగా ఒక నిమిషమునకు మించి ఆడరు. ముప్పాతిక నిమిషమునకొకమారు ఒక బృందము దిగును, మరియొక బృందము ఎక్కును.

సెంటరు పని రెండు విధములుగా నుండును. ఒకటి కంటికి కనబడునది: గోలు చేయుట, ప్రక్కవానికి పక్ అందించి గోలు చేయించుట. ఇవి పత్రికలో అంకెలుగా అచ్చగును. రెండవది అంతగా కనబడనిది. ఆట ఆగిన ప్రతిసారి, నిర్ణేత ఇద్దరు సెంటర్ల నడుమ పక్‌ను మంచుపై పడవేయును. దీనిని ఫేసాఫ్ అందురు. దానిని గెలిచిన పక్షమునకే పక్ దక్కును. ఎదిరి పక్షము దాడికి వచ్చునపుడు వెనుకకు పరుగెత్తి రక్షకులకు తోడుపడవలసిన వాడును సెంటరే. ఒక గోలు ఆధిక్యముతో చివరి నిమిషములు గడపవలసి వచ్చినపుడు శిక్షకుడు ఎవనిని పంపునో, వాడే నమ్మదగిన సెంటరు. ఈ రెండవ పని వయసుతో మెరుగుపడుచుండును. మొదటిది సాధారణముగా ముప్పదియేండ్లు దాటిన పిమ్మట తగ్గుచుండును. అనుభవశాలియైన సెంటరు వెల కట్టుటలోని చిక్కంతయు ఇందే యున్నది.

మార్పిడి నియమములు

ఆ దేశములలోని ప్రధాన పోటీ సంస్థ పేరు నేషనల్ హాకీ లీగ్. అది 1917లో మాంట్రియల్ నగరమున ఏర్పడినది. ఇప్పుడు అందులో 32 జట్లున్నవి. సంవత్సరమున చివరకు గెలిచిన జట్టునకు స్టాన్లీ కప్ లభించును. ఆటగాండ్రు జట్లతో కొన్ని సంవత్సరములకు ఒప్పందము వ్రాసుకొందురు. అయితే ఒప్పందము మధ్యలోనే ఒక జట్టు తన ఆటగానిని మరియొక జట్టునకు ఇచ్చి, అందుకు బదులు వేరొకనిని గాని, పలువురను గాని తీసికొనవచ్చును. ఒప్పందములో ప్రత్యేకమైన షరతు లేనిచో ఆటగాని సమ్మతి అడుగ నక్కఱలేదు. నిన్నటివరకు ఒక ఊర కాపురమున్నవాడు ఉదయము లేచి చూచుసరికి మరియొక ఊరివాడగును. మన ఉద్యోగుల బదిలీ వంటిదే యనుకొనవచ్చును గాని, ఇక్కడ రెండు కార్యాలయములు బేరమాడుకొని బదిలీ చేయును.

ఆటగాండ్రే గాక మరి రెండు వస్తువులు ఈ బేరములలోనికి వచ్చును. మొదటిది ఎంపిక హక్కు. ఏటేట క్రొత్త యువకులను జట్లు వరుసక్రమమున ఎంచుకొనును. మొదటి వరుస, రెండవ వరుస, ఇట్లు ఏడు వరుసలు కలవు. కప్ గెలిచిన జట్టు ఒక్కొక్క వరుసలో చిట్టచివర ఎంచుకొనవలెను. ఈ హక్కులను రాబోవు సంవత్సరములవి గూడ ముందుగానే మార్చుకొనవచ్చును. రెండవది వేతన పరిమితి. ఒక జట్టు తన ఆటగాండ్ర కందఱకు కలిపి ఒక మొత్తమును మించి లెక్క చూపరాదు. 2018-19లో ఆ పరిమితి 7 కోట్ల 95 లక్షల డాలర్లు, 2022-23లో 8 కోట్ల 25 లక్షల డాలర్లు. కావున మంచి ఆటగాడు దొరికినను, అతని జీతమునకు చోటు లేనిచో తెచ్చుకొన వీలు పడదు.

ఒకే మనిషి, రెండు మార్పిడులు

పిల్లలు వాదులాడుకొన్న ఆటగాని పేరు రయన్ ఓరైలీ. 1991 ఫిబ్రవరిలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున పుట్టెను. 2009లో కొలరాడో జట్టువారు రెండవ వరుసలో అతనిని ఎంచుకొనగా, పదునెనిమిదేండ్లకే పెద్ద లీగులో ఆడసాగెను. 2015లో బఫెలో సేబర్స్ జట్టునకు మార్చబడెను. బఫెలోవారు అతనితో ఏడేండ్లకు 5 కోట్ల 25 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనిరి. అనగా సగటున ఏటికి 75 లక్షల డాలర్లు.

బఫెలోలో అతడు మూడేండ్లు ఆడెను. 2017-18లో అతడు 24 గోల్స్ చేసి, 37 గోల్స్‌కు సాయపడెను. ఆ ఒక్క సీజనులో 1,274 ఫేసాఫ్‌లు గెలిచెను. లీగు లెక్కలు ఉంచుట మొదలిడిన నాటినుండి అంతవరకు ఒక్క సీజనులో ఎవరును అన్ని గెలువలేదు. అయినను జట్టు లీగులో చిట్టచివర నిలిచినది. సీజను ముగిసిన పిదప అతడు పత్రికలవారితో దాచక మాటాడెను. ఓటమికి అలవాటుపడిన మనసు తనలో చేరినదనియు, ఆ యేడు పెక్కుమార్లు ఆటపై ప్రేమ సన్నగిల్లినదనియు అతడు చెప్పిన మాటల సారాంశము. జట్టుతో కూడ అతడు కూడ అలసిపోయి యుండెను.

2018 జూలై 1వ తేదీన బఫెలోవారు అతనిని సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టునకు ఇచ్చివేసిరి. బదులుగా వారికి వచ్చినవి ఇవి: పాట్రిక్ బెర్గ్లండ్, వ్లాదిమిర్ సోబోట్కా అను ఇద్దరు అనుభవజ్ఞులు, టేజ్ థాంప్సన్ అను ఇరువదియేండ్ల యువకుడు, ఒక మొదటి వరుస ఎంపిక హక్కు, 2021కి సంబంధించిన ఒక రెండవ వరుస హక్కు. ఆ దినముననే ఓరైలీకి ఒప్పందము ప్రకారము 75 లక్షల డాలర్ల బోనసు చెల్లింపవలసి యుండెను. ఆ భారము సెయింట్ లూయిస్ వారు వహించిరి.

ఇది మొదటి మార్పిడి. అప్పటికతనికి 27 ఏండ్లు, కాని లీగులో తొమ్మిది సీజనుల అనుభవము.

రెండవ మార్పిడి 2023 ఫిబ్రవరి 17న జరిగినది. అప్పటికతడు సెయింట్ లూయిస్ నాయకుడు. వయసు 32. ఆ సీజనులో పాదము విరిగి కొన్ని వారములు ఆడలేదు. ఆడిన 40 ఆటలలో 12 గోల్స్ మాత్రమే చేసెను. ఒప్పందము ఆ వేసవితో ముగియనుండెను. టొరాంటో మేపిల్ లీఫ్స్ వారు అతనిని, అతనితో నోయెల్ అచియారి అను మరియొకనిని తెచ్చుకొనిరి. సెయింట్ లూయిస్‌కు ఇచ్చినవి: 2023 మొదటి వరుస హక్కు, 2023 మూడవ వరుస హక్కు ఒకటి, 2024 రెండవ వరుస హక్కు, మరి ఇద్దరు ఆటగాండ్రు.

ఇందులో ఒక చమత్కారము కలదు. టొరాంటోకు వేతన పరిమితిలో చోటు చాలదు. అందుచే సెయింట్ లూయిస్ వారు అతని జీతములో సగము తమ లెక్కలోనే ఉంచుకొనిరి. మిగిలిన సగములో సగమును మినసోటా వైల్డ్ అను మూడవ జట్టు తన లెక్కలో వేసికొనెను. అందుకు ప్రతిఫలముగా టొరాంటోవారు దానికి ఒక నాలుగవ వరుస హక్కు ఇచ్చిరి. ఏటికి 75 లక్షల డాలర్ల ఆటగాడు టొరాంటో లెక్కలో 18 లక్షల 75 వేల డాలర్లకే వచ్చెను. మూడవవాని గోదాములో సరకు నిలువయుంచి దానికి అద్దె చెల్లించుట వంటి పద్ధతి ఇది.

నాలుగు ప్రశ్నలు

ఈ రెండు బేరములను తూచునపుడు గోల్స్ లెక్క ఒక్కటియే చాలదు. మా దృష్టిలో నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఆ మనిషి చేయు పని అంతయు అంకెలలో కనబడుచున్నదా? బఫెలోలోని ఓరైలీని గోల్స్ పట్టికలో చూచినవాడు, మంచి ఆటగాడే గాని మహా ఆటగాడు కాడనును. ఫేసాఫ్‌లను, చివరి నిమిషముల బాధ్యతను చూచినవాడు వేరుగా చెప్పును. సెయింట్ లూయిస్‌లో మొదటి సీజనులోనే అతడు 28 గోల్స్ చేసి, 49 గోల్స్‌కు సాయపడెను. అంతకంటె ముఖ్యముగా, ముందువరుసవారిలో రక్షణ బాగుగా చేయువానికి ఇచ్చు సెల్కే బహుమతి ఆ యేడు అతనికే వచ్చెను. బఫెలోలో చేసిన పనియే అక్కడను చేసెను. చూచువారి దృష్టి మారినది, చుట్టునున్న జట్టు మారినది.

రెండవది: తెచ్చుకొను జట్టునకు ఇది ఎట్టి కాలము? ఒక సంవత్సరములోనే కప్ గెలువదలచిన జట్టునకు ఎదుగవలసిన యువకునికంటె ఎదిగిన మనిషి విలువ హెచ్చు. అయిదేండ్ల తరువాత గట్టిపడదలచిన జట్టునకు ఆ లెక్క తలక్రిందులగును. సెయింట్ లూయిస్ జట్టు 1967లో లీగున చేరినది మొదలు అంతవరకు ఒక్కమారైనను కప్ గెలువలేదు. 2019 జనవరి ఆరంభమున ఆ జట్టు లీగులో అన్నిటికంటె అడుగున ఉండెను. "ఈ బేరము వలన ఏమి లాభము కలిగినది?" అని ఆ దినమున ఎవరైన అడిగియున్న, సమాధానము చెప్పువారికి నోరు రాకపోయెడిది. అదే సంవత్సరము జూన్ 12వ తేదీన బోస్టన్ నగరమున చివరి ఆటలో 4–1 తేడాతో గెలిచి అదే జట్టు స్టాన్లీ కప్ ఎత్తెను. ఆ ఆటలో మొదటి గోలు ఓరైలీదే. తుది పోటీలో వరుసగా నాలుగు ఆటలలో అతడు గోల్స్ చేసెను. 1985లో వేన్ గ్రెట్స్కీ తరువాత మరల ఆ పని చేసినవాడు అతడే. తుది పోటీలలో ఉత్తమ ఆటగానికిచ్చు కాన్ స్మైత్ బహుమతి అతనికి లభించెను.

ఇక్కడ ఒక జాగ్రత్త వహింపవలెను. ఆ విజయము ఒక్కని వలన వచ్చినది కాదు. 2018 నవంబరులో శిక్షకుని మార్చిరి. జనవరిలో జోర్డన్ బినింగ్టన్ అను క్రొత్త గోలు కాపరి నిలదొక్కుకొనెను. అందఱి కష్టమును కలిపి ఒక్కని పద్దున వ్రాయుట న్యాయము కాదు. బేరమును పొగడువారు తఱచు ఈ పొరపాటు చేయుదురు.

మూడవది: బదులు వచ్చిన వానికి ఎంత కాలము ఈయదలచితిమి? బఫెలో పక్షమున చూచినచో 2018-19 సంవత్సరము నిరాశగా గడచినది. బెర్గ్లండ్ డిసెంబరులోనే జట్టు విడిచిపోయెను, ఒప్పందము రద్దయ్యెను. సోబోట్కా రాణింపలేదు. థాంప్సన్ 65 ఆటలలో 7 గోల్స్ చేసెను. మొదటి వరుస హక్కు సంగతి మరియు విచిత్రము. సెయింట్ లూయిస్ కప్ గెలిచినందున ఆ హక్కు ఆ వరుసలో చిట్టచివరిదైన 31వ స్థానమునకు దిగిపోయెను. ఎదిరివాడు బాగుపడిన కొలదియు తన చేతి కాగితము విలువ తగ్గినది. ఆ వేసవిలో బఫెలో పత్రికలు ఈ బేరమును ఎంతగా నిందించినను ఆశ్చర్యము లేదు.

కాని కథ అక్కడ ముగియలేదు. థాంప్సన్ మరుసటి యేడు చిన్న లీగున ఆడెను. పెద్ద జట్టునకు వచ్చిన ఒక్క ఆటలోనే భుజమునకు గాయమయ్యెను. 2020-21లో 38 ఆటలలో 8 గోల్స్. పిమ్మట శిక్షకుడు డాన్ గ్రనాటో అతనిని ప్రక్కనుండి నడిమికి, అనగా సెంటరు స్థానమునకు మార్చెను. 2021-22లో 38 గోల్స్, 2022-23లో 47 గోల్స్! మూడేండ్లపాటు "పనికిరాని సరుకు" అనిపించుకొన్నవాడే ఆ జట్టునకు మూలస్తంభమయ్యెను. 2022 ఆగస్టులో ఏడేండ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందము వ్రాసిరి. అయినను బఫెలో జట్టు 2011 తరువాత 2025 వరకు ఒక్కమారైనను తుది పోటీల దశకు చేరలేదు. మంచి ఆటగాడు దొరికినంత మాత్రమున జట్టు బాగుపడునని గూడ చెప్ప వీలులేదన్నమాట.

నాలుగవది: ఆ మనిషి మనస్థితి ఎట్లున్నది? దీనికి అంకె లేదు గనుక దీనిని వదలివేయుట సులభము. 2018 వసంతమున ఆటపై ప్రేమ సన్నగిల్లినదని చెప్పినవాడే 2019 వేసవిలో కప్ ఎత్తెను. కాళ్లు అవే, చేతులు అవే. ఓడుటకు అలవాటుపడిన చోటినుండి కదలుట అతనికి మేలు చేసినది. ఇతర చోట్ల ఇదే కదలిక మేలు చేయక పోవచ్చును. అందుచేతనే దీనిని ప్రశ్నగా ఉంచితిమి గాని సూత్రముగా చెప్పలేదు.

పిల్లల వాదమునకు సమాధానము

ఇక టొరాంటో సంగతి. ఆ జట్టు చివరిసారి కప్ గెలిచినది 1967లో. 2004 తరువాత తుది పోటీలలో ఒక్క వరుసయైనను గెలువలేదు. మంచి గోల్స్ చేయు యువకులు వారికి చాలమంది ఉండిరి. వసంతకాలపు గట్టి ఆటలలో, చివరి నిమిషములలో, నిబ్బరముగా నిలుచు మనిషి కొఱతగా తోచెను. కావున వారు కొన్నది 12 గోల్స్ కాదు, ఆ నిబ్బరము.

వచ్చిన కొలది దినములకే ఓరైలీ తన పాత బఫెలో జట్టుపై ఒకే ఆటలో మూడు గోల్స్ చేసెను. ఏప్రిల్‌లో టాంపా బే జట్టుతో జరిగిన మూడవ ఆట ఓటమి అంచున నుండగా, చివరి నిమిషమున అతడే గోలు చేసి సమము చేసెను. అదనపు సమయమున టొరాంటో గెలిచెను. ఆ వరుసను ఆరు ఆటలలో టొరాంటో గెలుచుకొనెను. పందొమ్మిదేండ్ల నిరీక్షణ తీరినది. తరువాతి వరుసలో ఫ్లారిడా జట్టు చేతిలో అయిదు ఆటలలోనే ఓడిపోయిరి. జూలై 1వ తేదీన ఓరైలీ ఒప్పందము తీరి, నాలుగేండ్లకు ఏటికి 45 లక్షల డాలర్ల వంతున నాష్‌విల్ జట్టున చేరెను. టొరాంటో ఇచ్చిన మొదటి వరుస హక్కుతో సెయింట్ లూయిస్ వారు 25వ స్థానమున ఓట్టో స్టెన్‌బెర్గ్ అను స్వీడన్ యువకుని ఎంచుకొనిరి.

మరి ఇది మంచి బేరమా, చెడ్డ బేరమా? మా తీర్పు ఇది. కప్ కొఱకే కొనిరి గనుక, కప్ రానందున టొరాంటో బేరము ఫలింపలేదు. కాని ఆ దినమున తెలిసినదానిని బట్టి చూచినచో అది తెలివితక్కువ బేరము కాదు. తమకు లేనిది ఏదో వారికి తెలిసినది, దానికొఱకు తాము మోయగల వెల ఇచ్చిరి, జీతపు భారమును నేర్పుగా తగ్గించుకొనిరి. ఫలితము వేరు, నిర్ణయము వేరు. మంచి విత్తనము చల్లినను వాన రాక పంట పోవచ్చును. పంట పోయినదని విత్తనమును నిందింపరాదు. అదేవిధముగా, దైవికముగా పంట పండినదని పుచ్చు విత్తనమును పొగడరాదు.

సెయింట్ లూయిస్ పద్దు మాత్రము ఈ కథలో అన్నిటికంటె నిండుగా నున్నది. నాలుగున్నర సంవత్సరములలో వారికి ఒక కప్, ఒక నాయకుడు లభించెను. ఒప్పందము ముగియు వేళ ఎదుగబోవు యువకులను ఎంచుకొను హక్కులును చేతికి వచ్చినవి. అయినను ఏరు దాటి తెప్ప తగులవేసిరన్న నింద కొంతవఱకు వారికి తప్పదు. కప్ తెచ్చిన నాయకుని సీజను మధ్యలో పంపివేయుట అభిమానులకు కష్టముగానే తోచియుండును. మనుష్యుని గూర్చి ఇట్లు లాభనష్టముల లెక్క వేయుట మాకును కొంచెము ఇబ్బందిగానే యున్నది. ముసలివాడయ్యెనని వారు వదలిన ఆ సెంటరు మరుసటి సీజనున నాష్‌విల్‌లో 82 ఆటలును ఆడి, 26 గోల్స్ చేసి, 43 గోల్స్‌కు సాయపడెను. అనుభవశాలి పని అయిపోయినదని చెప్పుటకు తొందరపడరాదు.

అర్జీ సంగతి

ఇదంతయు వినిన పిమ్మట ఆ తండ్రి కొంతసేపు మాటాడలేదు. ఆయన రెండవ కుమారుడు కిందటి జూన్‌లోనే వేరొక మాధ్యమపు పాఠశాలనుండి మనవద్దకు వచ్చెను. తెలుగు అక్షరములు ఇంట కొంత నేర్చినను, పాఠ్యపుస్తకము చదివి జవాబు వ్రాయుట అతనికి క్రొత్త. మూడు పరీక్షలలో మార్కులు తక్కువగా వచ్చెను. అందుచే మరల మార్చదలచిరి. రెండేండ్లలో ఇది మూడవ పాఠశాల అగును.

మేము ఆ తండ్రితో చెప్పిన మాటలే తల్లిదండ్రులందఱికి మనవి చేయుచున్నాము. పిల్లవానిని మార్చుట ఎల్లప్పుడును తప్పని మేము అనము. ఓరైలీకి చోటు మారుటయే మేలు చేసెను. చదువుపై ఇష్టమే చచ్చిపోయిన పిల్లవానికి చోటు మార్పు మందు కావచ్చును. అట్టి పిల్లవానిని పట్టి ఉంచుటకు మన పాఠశాల సంఖ్యాబలము కారణము కారాదు. కాని థాంప్సన్ వంటి పిల్లవాండ్రు గూడ కలరు. వారికి కావలసినది మరియొక పాఠశాల కాదు, మరి రెండు సంవత్సరములు. ఒక్కొక్కప్పుడు బెంచీ మార్చుట, పని మార్చుట, వానిని గమనించు ఒక ఉపాధ్యాయుడు ఉండుట చాలును. మీ పిల్లవాడు ఈ ఇరువురిలో ఎవని వంటివాడో మార్కుల కాగితము చెప్పదు. పిల్లవానినే అడుగవలెను, వాని ఉపాధ్యాయుని అడుగవలెను. మన మాతృభాష నేర్పు పాఠశాలలు ఈ రాష్ట్రమున ఎన్నియో లేవు. ఒకమారు విడిచిన పిల్లవాడు తిరిగి ఈ అక్షరములకు వచ్చుట అరుదు. ఈ సంగతిని గూడ తక్కెడలో ఒక ప్రక్క ఉంచవలెను.

"పిల్లవానిని ఇంకను అడుగలేదండి" అని ఆ తండ్రి ఒప్పుకొనెను. అడిగిన తరువాత మరల వచ్చెదనని చెప్పి, అర్జీని మడిచి జేబులో పెట్టుకొని వెడలెను. ఆయన మరల ఏ నిర్ణయముతో వచ్చినను మేము సంతోషముగా సంతకము చేయుదుము. అడిగి వచ్చిన నిర్ణయము కావలెనన్నదే మా కోరిక. పెద్దకుమారునకు మాత్రము ఒక మాట చెప్పి పంపితిమి: వాదములో నీవును నీ అన్నయు ఇద్దరును సగము సగము సరియే. అతడు ఫలితమును చూచెను, నీవు నిర్ణయమును చూచితివి. రెండును చూచుట నేర్చుకొనుడు.